శాలరీ క్యాప్ కాపాడేది ఆటనా, ఓనర్ల జేబులనా?

గుంటూరు చీజ్‌హెడ్:

2025 సీజన్‌కి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద పెట్టగలిగే ఖర్చు 279.2 మిలియన్ డాలర్లు. 1994లో ఈ శాలరీ క్యాప్ మొదలైనప్పుడు అది 34.6 మిలియన్లే. నిన్న వేరే చోట ఒకాయన "క్యాప్ అంటే ఓనర్లంతా కూడబలుక్కుని జీతాలు తొక్కిపెట్టడమే" అని రాశారు. దాని మీద విడిగా తేల్చుకుందామని ఇక్కడ మొదలుపెడుతున్నా.

నా మాట ఇదీ. క్యాప్ లేకపోతే మా ప్యాకర్స్ జట్టుండే గ్రీన్ బే లాంటి ఊళ్లో జట్టు మిగలదు. జనాభా లక్ష పైచిలుకు, ఇంచుమించు మన గుడివాడ అంత. జట్టుకి ఓనరంటూ ఎవరూ లేరు, వాటాదారులే అంతా. అలాంటి ఊరు న్యూయార్క్, డాలస్‌లకి ఎదురు నిలబడి ఆడుతోంది. 1993లో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడు నచ్చిన జట్టుకి పోవచ్చు) మొదలవగానే అందరికన్నా పెద్ద ఆటగాడు రెజీ వైట్ ఫిలడెల్ఫియా వదిలి ఎక్కడికొచ్చాడు? మా దగ్గరికే, నాలుగేళ్లకి 17 మిలియన్లకి. నాలుగో సీజన్‌లో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ కొట్టాం. క్యాప్ లేని బేస్‌బాల్‌లో అయితే ఇలాంటివాణ్ని డబ్బున్న న్యూయార్క్ యాంకీస్ ఎగరేసుకుపోయేవాళ్లు.

ఫ్రిస్కో మామ:

చీజ్‌హెడ్ బ్రో, మీ ఊరు బతకాలంటే మా చేతులు కట్టేయాలా? మా డాలస్ ఓనర్ జెర్రీ జోన్స్ ఖర్చు పెడతానంటాడు, లీగ్ వద్దంటుంది. 1995లో డియాన్ శాండర్స్‌కి ఏడేళ్లకి 35 మిలియన్లు రాశాడు. అందులో దాదాపు 13 మిలియన్లు సైనింగ్ బోనస్‌గా ముందే చేతిలో పెట్టి, మొదటి ఏళ్ల జీతం కనీసానికి దించి, మొత్తాన్ని క్యాప్ కింద దూర్చేశాడు. ఆ ఏడాది సూపర్ బౌల్ మాదే. లీగ్ వెంటనే రూల్ మార్చేసింది.

2010 సంగతి ఇంకా అన్యాయం. అది అసలు క్యాప్ లేని ఏడాది. కాంట్రాక్టులన్నీ లీగ్ ఆఫీసు చూసి ఆమోదించినవే. రెండేళ్లు పోయాక "అప్పుడు మరీ ఎక్కువ పెట్టారు" అంటూ మాకు 10 మిలియన్లు, వాషింగ్టన్‌కి 36 మిలియన్లు క్యాప్‌లో కోత వేశారు. లేని క్యాప్ దాటినందుకు జరిమానా!

లావణ్య ఫిల్లీ:

ఇద్దరూ ఓనర్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు, ఒకరు పేద జట్టు తరఫున, ఇంకొకరు డబ్బున్న జట్టు తరఫున. ఆడేవాళ్ల సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

చీజ్‌హెడ్ గారూ, రెజీ వైట్ 1993 ఏప్రిల్‌లో సంతకం చేశాడు. క్యాప్ వచ్చింది 1994లో. మీరు చూపించిన ఉదాహరణలో క్యాప్ లేనే లేదు.

ఫ్రీ ఏజెన్సీ ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1987లో ఆటగాళ్లు సమ్మె చేస్తే ఓనర్లు బయటివాళ్లని తెచ్చి మ్యాచ్‌లు నడిపించారు. సమ్మె 24 రోజుల్లో కూలిపోయింది. తర్వాత "ప్లాన్ బి" అని ఒకటి పెట్టారు: ప్రతి జట్టూ 37 మందిని తన దగ్గరే అట్టేపెట్టుకోవచ్చు, మిగిలినవాళ్లే స్వేచ్ఛగా పోవచ్చు. పనికొచ్చేవాళ్లెవరూ కదలకుండా భలే ఏర్పాటు. 1992లో మినియాపొలిస్ కోర్టులో ఫ్రీమన్ మెక్‌నీల్ అనే ఆటగాడి కేసులో జ్యూరీ ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ దెబ్బకే 1993 ఒప్పందం కుదిరింది. ఆటగాళ్లు స్వేచ్ఛ తెచ్చుకున్నారు, బదులుగా క్యాప్‌కి తల ఊపారు. చీజ్‌హెడ్ గారు చెప్పే "చిన్న ఊళ్ల రక్షణ" అన్నది తర్వాత అతికించిన కారణం.

మామగారూ, 2010లో క్యాప్ లేకపోయినా మిగతా జట్లన్నీ ఉన్నట్టే ఎందుకు నడుచుకున్నాయి? ఆటగాళ్ల యూనియన్ ఇదే ప్రశ్నతో 2012లో కోర్టుకెళ్లింది. కేసు నిలబడలేదు, అది వేరే సంగతి. కానీ ఆ కోతల్లో నాకు కనిపించేది జెర్రీ కష్టం కాదు, ఓనర్ల కుమ్మక్కు.

బెజవాడ బుల్లోడు:

నాకు ఈ ఆట కొత్త, తప్పుగా అడిగితే ఏమీ అనుకోకండి. ఇది ఐపీఎల్ పర్స్ లాంటిదేనా? 2025 వేలంలో జట్టుకి 120 కోట్లు ఇచ్చారు, పంత్ ఒక్కడికే 27 కోట్లు పోయాయి. ఇక్కడ కూడా వేలం ఉంటుందా?

క్యాప్ లెక్కలోడు:

బుల్లోడు బ్రో, వేలం ఉండదు. కాలేజీ నుంచి వచ్చేవాళ్లని డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా ఎంచుకుని, తీసుకుంటారు, నాలుగేళ్లు నిండినవాళ్లు కాంట్రాక్టు అయిపోతే ఎవరితోనైనా బేరమాడుకోవచ్చు. అసలు తేడా ఇంకోటి. ఐపీఎల్ పర్స్ ఎంతో బోర్డే చెప్పేస్తుంది, ఆటగాళ్ల తరఫున బేరమాడే యూనియన్ లేదు. ఇక్కడ లీగ్ ఆదాయంలో దాదాపు 48 శాతం ఆటగాళ్లదని ఒప్పందంలో రాసుంది, క్యాప్ దాన్నుంచే పుడుతుంది. జట్లు కొన్నేళ్ల సగటున క్యాప్‌లో 90 శాతమైనా ఖర్చు పెట్టి తీరాలి. అందుకే కరోనాతో ఆదాయం పడిపోయినప్పుడు 2020లో 198.2 ఉన్న క్యాప్ 2021లో 182.5కి దిగింది, 2024కి 255.4కి ఎగబాకింది.

క్యాప్ అంటే దాటలేని గోడ అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. 40 మిలియన్ల సైనింగ్ బోనస్ ఇచ్చారనుకోండి. డబ్బు ఆటగాడి చేతికి ఇప్పుడే వస్తుంది, క్యాప్ పుస్తకంలో మాత్రం ఐదేళ్లకి ఎనిమిదేసి మిలియన్లుగా పరుస్తారు. రెండేళ్ల తర్వాత తీసేస్తే మిగతా 24 మిలియన్లు ఒక్కసారిగా నెత్తిన పడతాయి. ఆ మనిషి లేడు, అతని ఖర్చు ఉంది. దాన్నే డెడ్ క్యాప్ అంటారు.

డెన్వర్ ఇందులో ఎంత లోతుకి దిగిందో చూడండి. 2022లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) రసెల్ విల్సన్‌కి ఐదేళ్ల పొడిగింపు, 240 మిలియన్లకి పైనే. రెండు సీజన్లకే పంపించేశారు. డెడ్ క్యాప్ 85 మిలియన్లు, రెండేళ్లకి పంచుకున్నారు. అతను పిట్స్‌బర్గ్‌లో కనీస జీతం 1.21 మిలియన్లకి చేరాడు, ఆ ఏడాది అతని గ్యారంటీలో మిగతాది కట్టింది డెన్వరే. ఇంత బరువు మోస్తూ కూడా 2024లో వాళ్లు 10-7తో ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, 2015 సీజన్ తర్వాత మొదటిసారి. ఎలాగంటే, కొత్త క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ కాంట్రాక్టు నాలుగేళ్లకీ కలిపి 18.6 మిలియన్లు. పెద్ద క్వార్టర్‌బ్యాక్‌ల ఒక్క ఏడాది జీతంలో దాదాపు మూడో వంతు అంతే.

క్యాప్ లోపల అసలు సరుకు ఇదే, చవకగా దొరికే కుర్రాడు. 2010 డ్రాఫ్ట్‌లో మొదటివాడు సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకి 78 మిలియన్లు, అందులో 50 గ్యారంటీ. 2011లో కొత్తవాళ్ల జీతాలకి పట్టిక పెట్టాక కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకి 22. ఆ ఒప్పందానికి ఒప్పుకున్న పాత ఆటగాళ్లు, కుర్రాళ్ల దగ్గర తగ్గింది మాకొస్తుంది అనుకున్నారు. జట్లు ఏం చేశాయి? ఏడెనిమిదేళ్ల అనుభవం ఉన్న మధ్యరకం ఆటగాణ్ని తీసేసి ఆ చవక కుర్రాణ్నే పెట్టుకున్నాయి. మిగిలిందంతా స్టార్లకి పోయింది.

గుంటూరు చీజ్‌హెడ్:

లావణ్య గారూ, 1993 ఒప్పందంలోనే తర్వాతి ఏడాది క్యాప్ వస్తుందని ఉంది కదా. రేపు క్యాప్ వస్తుందని తెలిసిన ఓనర్లు ఈరోజు ఆచితూచే బేరమాడతారు.

సరే, పాతది వదిలేయండి. 2025 ఆగస్టు చివర్లో మైకా పార్సన్స్‌ని డాలస్ ఎవరికి ఇచ్చేసింది? ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన జట్టు తన బెస్ట్ డిఫెండర్‌ని గుడివాడంత ఊరికి ఇచ్చేసింది. మేం నాలుగేళ్లకి 188 మిలియన్లు రాసిచ్చాం. క్యాప్ లేని లోకంలో ఇది జరుగుతుందా? మామ సమాధానం చెప్పాలి.

ఫ్రిస్కో మామ:

ఆ పేరు ఎత్తకండి, పుండు ఇంకా పచ్చిగానే ఉంది. మా క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికి 60 మిలియన్లు, బంతి అందుకునే సీడీ ల్యాంబ్‌కి 34. ఇక పార్సన్స్‌కి 47 ఎక్కణ్నుంచి తేవాలి? క్యాప్ లేకపోతే ముగ్గురూ ఉండేవాళ్లు.

క్యాప్ లెక్కలోడు:

మామా, లెక్క ప్రకారం ముగ్గురూ పట్టేవాళ్లు. ఏజెంట్‌తో మాట్లాడకుండా జెర్రీ నేరుగా ఆటగాడితోనే తేల్చుకుందామనుకున్నాడు, అక్కడ చెడింది. అది క్యాప్ మీద తోయకండి.

లావణ్య ఫిల్లీ:

ప్యాకర్స్‌ని నిలబెడుతున్నదేంటో ప్యాకర్స్ పుస్తకాలే చెప్తాయి. లెక్కలు బయటపెట్టే జట్టు లీగ్‌లో అదొక్కటే, ఏటా జూలైలో. 2025లో చూపించిన దాని ప్రకారం లీగ్ నుంచి వాళ్లకి వచ్చిన వాటా 432.6 మిలియన్లు. ఆ లెక్కలు 2024 సీజన్‌వి, అప్పటి క్యాప్ 255.4. ఒక్క టికెట్టు అమ్మకపోయినా, ఒక్క బీరు పోయకపోయినా క్యాప్ మొత్తం కట్టేసి ఇంకా 177 మిలియన్లు చేతిలో ఉంటాయి. గుడివాడంత ఊరిని బతికిస్తున్నది 1961 నుంచి టీవీ డబ్బుని అందరూ సమానంగా పంచుకోవడం. ఆ పంపకం అలాగే ఉంచి రేపు క్యాప్ ఎత్తేసినా పార్సన్స్‌కి 188 ఇచ్చే స్తోమత మీకుంటుంది.

నా అసలు కోపం క్యాప్ మీద కూడా కాదు. 48 శాతం ఎక్కువా తక్కువా అన్నది బేరం. కానీ ఆ 48 శాతంలో రిస్కు అంతా ఆటగాడి మీదే వేశారు, కాంట్రాక్టులో చాలా భాగానికి గ్యారంటీయే ఉండదు. ఫ్రాంఛైజ్ ట్యాగ్ చూడండి: నాలుగేళ్లు ఆడి మార్కెట్‌లోకి వెళ్లే రోజు రాగానే జట్టు "ఇంకో ఏడాది నువ్వు మావాడివే" అని ముద్ర కొట్టేస్తుంది. 2023లో బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్లీకి న్యూయార్క్ జయంట్స్ అదే చేశారు, 10.1 మిలియన్లకి. రన్నింగ్ బ్యాక్ కాళ్లలో ఉండేవే నాలుగైదు మంచి ఏళ్లు. 2024లో వదిలేశారు, మేం తెచ్చుకున్నాం. మొదటి సీజన్‌లోనే 2,005 గజాలు పరిగెత్తాడు, సూపర్ బౌల్ కూడా గెలిచాం. వాడు ఫిలడెల్ఫియా పోతే తనకి నిద్ర పట్టదని జయంట్స్ ఓనర్ కెమెరాల ముందే అన్నాడు. పట్టి ఉండదు లెండి.

సేక్వాన్ గట్టెక్కాడు. 2018లో సియాటిల్‌లో ఎర్ల్ థామస్‌ని తల్చుకోండి. కొత్త కాంట్రాక్టు ఇవ్వండి అని అడిగి, ఇవ్వకపోతే క్యాంప్ మానేసి, చివరికి జీతం పోతుందని వచ్చి ఆడాడు. నాలుగో మ్యాచ్‌లో కాలు విరిగింది. బండి మీద మైదానం దాటిస్తుంటే సొంత జట్టు బెంచీ వైపు మధ్యవేలు చూపించాడు. ఎదుటి జట్టుకి కాదు.

గుంటూరు చీజ్‌హెడ్:

కథ సగంలో ఆపేశారేంటండి? తర్వాతి మార్చిలో బాల్టిమోర్ అదే థామస్‌కి నాలుగేళ్లకి 55 మిలియన్లు ఇచ్చింది. మార్కెట్ పనిచేసింది.

బేస్‌బాల్ సంగతికి కూడా ఎవరూ రాలేదు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు స్టార్ ఆటగాడు ఓహ్తానికి 700 మిలియన్లు రాసి అందులో 680 పదేళ్ల తర్వాతికి తోసేశారు. 2024, 2025 రెండు వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) టైటిళ్లూ వాళ్లవే. మీకు కావాల్సింది అదేనా?

క్యాప్ లెక్కలోడు:

డాడ్జర్స్ కన్నా ముందు వరసగా టైటిల్ నిలబెట్టుకున్న బేస్‌బాల్ జట్టు 1998-2000 యాంకీస్. క్యాప్ లేని ఆటలో పాతికేళ్లు ఎవరూ కిరీటం నిలబెట్టుకోలేదు. క్యాప్ ఉన్న మన ఆటలో పేట్రియట్స్, చీఫ్స్ ఇద్దరూ నిలబెట్టుకున్నారు. అదే క్యాప్ కింద జెట్స్ 2010 సీజన్ తర్వాత ప్లేఆఫ్స్ మొహమే చూడలేదు. గెలిపించేది మంచి క్వార్టర్‌బ్యాక్, బుర్రున్న ఆఫీసు. క్యాప్ ఆ రెంటినీ పంచిపెట్టదు.

బెజవాడ బుల్లోడు:

లావణ్య అక్కా, గ్యారంటీ లేని కాంట్రాక్టు అంటే మధ్యలో తీసేస్తే డబ్బు రాదా? మరి కాంట్రాక్టు ఎందుకు దండగ?

లావణ్య ఫిల్లీ:

అదే అడగాల్సింది తమ్ముడూ. పేపర్లో "నాలుగేళ్లకి 60 మిలియన్లు" అని పడుతుంది, గ్యారంటీ రాసినది ఏ ఇరవయ్యో ఉంటుంది. మిగతాది జట్టు ఇష్టం. ఆటగాడు మాత్రం నాలుగేళ్లూ కదలడానికి లేదు. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్‌లో రాసినదంతా ఇచ్చేది మామూలు. ఎముకలు ఎక్కువ విరిగే ఆటలోనే ఇది లేదు.

2022లో క్లీవ్‌లాండ్ డెషాన్ వాట్సన్‌కి 230 మిలియన్లు పూర్తి గ్యారంటీతో ఇచ్చినప్పుడు మిగతా ఓనర్లు మండిపడ్డారు. ఇక గ్యారంటీలు ఇవ్వకుండా జట్లు కుమ్మక్కయ్యాయని యూనియన్ ఫిర్యాదు చేసింది. ఆ కేసు విన్న మధ్యవర్తి, గ్యారంటీలు తగ్గించమని లీగ్ జట్లని ప్రోత్సహించిందని రాస్తూనే, జట్లు కుమ్మక్కయినట్టు సాక్ష్యం చాలదన్నాడు. ఆ తీర్పు నెలల తరబడి బయటికే రాలేదు, 2025 జూన్‌లో పొక్కింది. ఇంకో పాత రూలుంది: గ్యారంటీ ఇచ్చిన భవిష్యత్తు డబ్బుని జట్టు ముందే విడిగా డిపాజిట్ చేయాలి. జట్లు దివాలా తీసే రోజుల్లో పెట్టింది. ఏడాదికి 400 మిలియన్లకి పైనే లీగ్ నుంచి వచ్చే జట్లు ఇప్పటికీ దాన్నే సాకుగా చూపిస్తాయి.

చీజ్‌హెడ్ గారూ, ఒక్క మాట. థామస్ స్టార్ కాబట్టి రెండో అవకాశం వచ్చింది. యూనియన్ లెక్కలో సగటు కెరీర్ 3.3 ఏళ్లు. ఫ్రీ ఏజెన్సీకి కావాల్సింది నాలుగు సీజన్లు. ఎక్కువమంది మీ మార్కెట్ గడప కూడా తొక్కరు.

ఫ్రిస్కో మామ:

మరి సంతకాలు పెట్టింది వాళ్లేగా? ఓనర్లకి సీజన్‌లో 18వ మ్యాచ్ కావాలి. అది కావాలంటే ట్యాగ్ తీసేయండి, ఆ డిపాజిట్ రూలూ తీసేయండి అని కూర్చోమనండి. ఇవ్వక చస్తారా?

లావణ్య ఫిల్లీ:

2020లో 17వ మ్యాచ్‌తో కలిపి ఒప్పందం ఓటుకొచ్చింది. 1,019 మంది సరే అన్నారు, 959 మంది వద్దన్నారు. కనీస జీతం పెరుగుతుందంటే, కనీస జీతం మీద ఉన్నవాడు ఎటు ఓటేస్తాడు? మూడేళ్ల కెరీర్‌లో ఒక సీజన్ సమ్మెలో పోగొట్టుకోమని ఎవరు చెప్పగలరు? ఓనరు ముప్పై ఏళ్లు ఆగగలడు. ఈ ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది. అప్పుడు ఓటేసేవాళ్లలో చాలామంది ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు.

గుంటూరు చీజ్‌హెడ్:

గ్యారంటీ పెంచండి, నాకేం అభ్యంతరం లేదు. ట్యాగ్ మాత్రం ముట్టుకోకండి. అది తీసేస్తే చిన్న ఊళ్లో పెరిగిన ప్రతి స్టారూ ఐదో ఏడాదికి మయామీలో తేలతాడు, అక్కడ స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా లేదు. దానికి మీ టీవీ డబ్బు ఏం చేస్తుందో చెప్పండి, అప్పుడు క్యాప్ గురించి మళ్లీ మాట్లాడదాం.