అప్‌డేట్: అరిసెలకు బియ్యం నానబోశాం

ఐదు నెలల కిందట అడిగాను: డౌన్ సిండ్రోమ్ ఉన్న మా పాపకు 22 నెలలు, పట్టుకుని నిలబడుతుంది కానీ అడుగు వేయదు, ఏం చేయాలి అని. మొన్న ఆదివారం మంచం దగ్గర నుంచి మా అత్తయ్యగారి మోకాళ్ల దాకా నాలుగు అడుగులు వేసింది! ఐదోది వేయబోయి చతికిలబడి, తనకు తానే చప్పట్లు కొట్టుకుంది.

మీరు చెప్పినట్టే థైరాయిడ్ పరీక్ష మళ్లీ చేయించాం, ఇబ్బంది ఏమీ లేదు. కండరాల బిగువు తక్కువ, కీళ్లు వదులు కాబట్టి ఈ పిల్లలు సగటున రెండేళ్లు దాటాకే నడుస్తారని, కొందరికి నాలుగేళ్లూ పట్టవచ్చని ఫిజియోథెరపిస్టు చెప్పారు. పక్కింటి పిల్లలతో పోల్చడం ఆ రోజే మానేశాను. (మానేశాననే అనుకుంటున్నాను.)

లోపల కూర్చోబెట్టే వాకర్ మాత్రం తీసేయమన్నారు. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. దాని బదులు అటక మీది మూడు చక్రాల చెక్కబండి దించాం. ఖాళీ బండి ముందుకు పరుగెత్తి పాపను బోర్లా పడేసేది. మావారు దానికి ఐదు కిలోల బియ్యం సంచి కట్టారు. అప్పటి నుంచి బండి బుద్ధిగా కదులుతోంది, వెనకే పాప.

అడుగులకు అరిసెలు వండాలని అత్తయ్యగారు ఏడాదిగా ఎదురుచూస్తున్నారు. ఆదివారం సాయంత్రమే బియ్యం నానబోశారు, ఆ సంచి విప్పి. ఇప్పుడు బండి మీద కందిపప్పు ఉంది.