పంజరంలో పెరిగిన రామచిలుకను శేషాచలం అడవిలో వదిలితే బతుకుతుందా?

ప్రశ్న (తిరుచానూరు నుంచి)

నమస్కారం. మా అత్తగారి ఇంట్లో ఒక మగ రామచిలుక ఉంది. రెక్కలు రాని పిల్లగా ఉన్నప్పుడే, ఇంటి ముందుకు అమ్మకానికి వచ్చినవారి దగ్గర కొన్నారట. ఇప్పుడు దాని మెడకు గులాబీ రంగు పట్టీ కూడా వచ్చింది. పక్షిని బంధించడం పాపమని, కపిలతీర్థం వెనుక కొండ అంచున వదిలేద్దామని అత్తగారు ఈమధ్య పట్టుబడుతున్నారు. అడవిలో ఉండడమే దానికి మేలని నాకూ అనిపిస్తుంది కానీ, జామపండు కోసి ముక్కలు చేసి అందిస్తే తప్ప తినని పక్షి అక్కడ ఎన్నాళ్లు నిలుస్తుందోనని భయంగా ఉంది. తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు (బైరాగిపట్టెడ)

ఇంత ఆలోచన అనవసరమండీ, వదిలేయండి. రామచిలుక మొండి ప్రాణి. లండన్ పార్కుల్లో ఈరోజు గుంపులుగా తిరుగుతున్న రామచిలుకలు ఒకప్పుడు పంజరాల నుంచి తప్పించుకున్నవాటి, వదిలేసినవాటి సంతానమే. అక్కడి చలిని తట్టుకున్న జాతికి మన తిరుపతి కొండలు ఒక లెక్కా?

రెండో జవాబు (పశువైద్య విద్యార్థిని)

లండన్ ఉదాహరణ ఇక్కడ సరిపోదండీ. ఆ రోజుల్లో ఐరోపాకు వెళ్లిన చిలుకల్లో చాలావాటిని అడవిలో పట్టి పంపారు, అంటే వాటికి ఎగరడం, మేత వెతుక్కోవడం ముందే తెలుసు. పైగా బతికినవే మనకు కనిపిస్తాయి, చచ్చిపోయినవాటిని ఎవరూ లెక్కపెట్టలేదు.

చిలుకపిల్ల గూడు విడిచాక కూడా కొన్నాళ్లు తల్లిదండ్రుల వెంటే తిరుగుతూ, ఏ కాయ ఎప్పుడు పక్వానికి వస్తుందో, డేగ నీడ పడితే ఎటు దూరాలో గుంపులో చూసి నేర్చుకుంటుంది. మీ చిలుకకు ఆ చదువు లేదు. తలుపులూ కిటికీలూ మూసి, ఫ్యాను ఆపి, ఒకసారి గదిలో ఎగరనివ్వండి. బీరువా మీది నుంచి కర్టెన్ కడ్డీ దాకా ఎగిరి, ముక్కు తెరిచి, తోక ఊపుతూ రొప్పుతోందంటే దాని ఛాతీ కండరాల్లో బలం లేదని అర్థం. కత్తిరించిన రెక్కలైతే ఈకలు రాలి కొత్తవి వచ్చే దాకా అసలు ఎగరలేదు. పైగా మనిషి కనిపిస్తే భుజం మీద వాలే పక్షి ఎవరి చేతికైనా చిక్కి మళ్లీ పంజరంలోకే పోతుంది. దానికి జబ్బేమైనా ఉంటే, ముఖ్యంగా ఈకలనూ ముక్కునూ పాడుచేసే వైరస్ ఉంటే, అడవి గుంపులకూ అంటుకుంటుంది.

అలాగని మీ దగ్గరే ఉంచుకోమనడం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దేశీ చిలుకలను పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం అన్నీ నేరమే (బడ్జీల వంటి విదేశీ జాతుల సంగతి వేరు). అటవీశాఖ కార్యాలయానికి వెళ్లి విషయం చెప్పి అప్పగించండి. పెద్ద పంజరంలో తోటి చిలుకలతో కలిపి, కొమ్మల మీదే కాయలు పెట్టి, ఎగరడం అలవాటు చేసి, ఆరోగ్య పరీక్షలయ్యాకే వదలాలి. అప్పటికీ కుదరని పక్షి శాశ్వతంగా సంరక్షణలోనే ఉండాల్సి వస్తుంది.

మూడో జవాబు (బంగారుపాళ్యం, మామిడి రైతు)

మా తోటలో కాయ ముదిరే రోజుల్లో చిలుకలతో మాకు పెద్ద పోరు. సగం కొరికి కింద పడేసి ఇంకో కాయ మీదికి పోతాయి, మేము టపాసులు కాలుస్తాం. కాబట్టి వాటి మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. అయినా గుంపులో ఒక్కటి కీచుమన్నదంటే క్షణంలో చెట్టంతా ఖాళీ అవుతుంది, ఒంటరిగా వచ్చిన చిలుకకు ఆ హెచ్చరిక ఎవరిస్తారు? ఇంకో మాట. చిలుక తొర్రలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలను పట్టుకుపోయేవాళ్లు ఆ తొర్రను గొడ్డలితో వెడల్పు చేస్తే మరుసటి ఏడు ఆ చెట్టు గూటికి పనికిరాదు. మీ అత్తగారికి పుణ్యం కావాలంటే, ఈసారి వీధిలో చిలుకపిల్లలు అమ్మేవాళ్లు వస్తే కొనకుండా అటవీశాఖకు ఫోన్ చేయమనండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నిన్న గదిలో వదిలి చూశాం, రెండుసార్లు ఎగిరి నేల మీద కూర్చుండిపోయింది. సోమవారం అత్తగారితో కలిసి అటవీశాఖ కార్యాలయానికి వెళ్తాం. పంజరంతో సహా తీసుకెళ్లాలా, లేక ముందు ఉత్తి అర్జీ ఇస్తే వాళ్లే వస్తారా అన్నది తెలిసినవారు చెబితే మేలు.