కంపెనీ రూమ్ రెంట్ సగం చేసింది, ముగ్గురం ఉండే ఫ్లాట్ నిలబెట్టుకోవడం ఎలా?

అడిగింది: మిథిలాపురి అమ్మాయి

మాది పార్వతీపురం దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక విశాఖలో మధురవాడ ఐటీ హిల్ మీద ఒక చిన్న కంపెనీలో చేరాను. చేతికి 17,000 వస్తుంది. బయట ఊళ్ల నుంచి వచ్చిన ఫ్రెషర్లకి రూమ్ రెంట్ అని నెలకి ఇంకో 4,000 ఇచ్చేవారు. ఆ 4,000 చూసుకునే ధైర్యంగా పీఎం పాలెంలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకున్నాం, ముగ్గురం. అద్దె 15,000, మెయింటెనెన్స్ 1,500. తలో 5,500. పెద్ద గదిలో నేనూ మా టీమ్ అమ్మాయీ. చిన్న గదిలో మెడికల్ షాపులో పనిచేసే అక్క.

పోయిన వారం హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. 25 ఏళ్ల లోపు పెళ్లికాని వాళ్లకి వచ్చే నెల నుంచి 2,000 మాత్రమేనట. కారణం కూడా రాశారు: ‘ఈ వయసు వాళ్లు ఎలాగూ షేరింగ్‌లోనే ఉంటారు’ అని. షేరింగ్‌లో ఉంటున్నాం కాబట్టే కదా ఆ డబ్బు సరిపోతోంది! ఒక్కదాన్నే ఉంటే 4,000 ఏ మూలకి?

మా టీమ్ అమ్మాయిది విజయనగరం. ఇక రూమ్ దండగ, ఇంటి నుంచే అప్ అండ్ డౌన్ చేస్తానంటోంది. తను వెళ్తే మా ఇద్దరికీ చెరో 8,250. నేను నాన్నకి పంపే దాంట్లో తగ్గించుకుని ఎలాగో లాగుతాను. అక్క జీతమే 12,000. ఆవిడకి ఏ కంపెనీ ఎప్పుడూ రూమ్ రెంట్ ఇవ్వలేదు, కోతా పెట్టలేదు. కానీ ఈ మెయిల్ సంగతి చెప్పినప్పటి నుంచి రాత్రి వంట వద్దంటోంది, షాపులోనే తినేసి వస్తున్నానని. నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు.

ఓనరు గారు బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటారు. ‘మీలో మీరు ఏం చేసుకుంటారో నాకనవసరం, ఐదో తారీఖుకి డబ్బు పడాలి’ అన్నారు. అగ్రిమెంట్ నా ఒక్కదాని పేరు మీదే ఉంది. అడ్వాన్స్ 45,000 ముగ్గురం కట్టాం. వెళ్లే అమ్మాయి తన 15,000 ఇప్పుడే కావాలంటోంది. నేనెక్కడి నుంచి తేను? ఇంకో ఇద్దర్ని పెట్టుకుని నలుగురం అవుదామా, ఫ్లాట్ వదిలేయమంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

కొమ్మాది కుర్రోడు

వదిలేయండి అక్కా. ఆనందపురం, తగరపువలస వైపు వెళ్తే అద్దెలు చాలా తక్కువ. 222 బస్సు ఉంది. పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తిలో ఆడవాళ్లకి సిటీ బస్సు టికెట్ లేదు కదా, ఛార్జీ బాధ కూడా లేదు.

మిథిలాపురి అమ్మాయి

మా షిఫ్ట్ అయ్యేసరికి రాత్రి పదిన్నర తమ్ముడూ. ఆ టైముకి బస్సు కోసం హైవే మీద నిలబడమంటావా? కంపెనీ క్యాబ్ కొమ్మాది దాటి రాదు.

కోర్టు పక్షి

చెల్లెమ్మా, ముందు ఆ కాగితం సంగతి చూసుకో. అగ్రిమెంట్ నీ ఒక్కదాని పేరు మీద ఉంటే ఓనరుకి అద్దెకున్నది నువ్వొక్కదానివే, బాకీ కూడా నీదే. ముగ్గురూ సంతకాలు పెట్టి ఉన్నా, వాటాలు విడివిడిగా రాసుకోకపోతే, కాంట్రాక్ట్ చట్టం 1872, 43వ సెక్షన్ ప్రకారం ఓనరు ముగ్గురిలో ఎవరినైనా మొత్తం అడగొచ్చు. అయితే కట్టినవాళ్లు మిగతా ఇద్దరి దగ్గర వాళ్ల వాటా రాబట్టుకోవచ్చు. ఇప్పుడు నువ్వు రాబట్టుకోవాలంటే చూపించడానికి ఫోన్‌పే హిస్టరీ, వాట్సాప్ మెసేజ్‌లు తప్ప ఏమీ లేవు. అవి డిలీట్ చేయకు.

అడ్వాన్స్ విషయంలో నీ చేతి నుంచి 15,000 తీసి ఇవ్వకు. కొత్తగా వచ్చే అమ్మాయి కట్టే అడ్వాన్సే వెళ్లే అమ్మాయికి ఇవ్వడం అన్ని రూముల్లోనూ జరిగేదే. అప్పటిదాకా ఆగమని మెసేజ్‌లో రాసి పెట్టు. ఈసారి అందరి పేర్లతో, ఎవరి వాటా ఎంతో రాయించి అగ్రిమెంట్ చేసుకోండి.

ఇంకొకటి. ఎవరో ఒకరు వచ్చి అద్దె రసీదులు పెట్టి హెచ్ఆర్ఏ (ఇంటద్దె అలవెన్స్) మీద పన్ను మినహాయింపు తీసుకో అంటారు. నీ జీతానికి అసలు ఇన్‌కమ్ టాక్సే పడదు, దానివల్ల రూపాయి కూడా మిగలదు.

సీతమ్మధార మావయ్య

ఆ హెచ్ఆర్ మెయిల్‌లో మాట నేను ముందే విన్నానమ్మా, ఇంగ్లండ్‌లో. లీసెస్టర్‌లో చాలా ఏళ్లుండి వచ్చాను. అక్కడ ఆదాయం తక్కువున్న వాళ్లకి అద్దె కోసం ప్రభుత్వమే హౌసింగ్ బెనిఫిట్ ఇస్తుంది. ఇప్పుడు చాలామందికి అది యూనివర్సల్ క్రెడిట్ అనే ఇంకో ప్రభుత్వ సాయంలో కలిసిపోయింది. ప్రైవేటు అద్దెల్లో ఉండే 25 ఏళ్ల లోపు ఒంటరి వాళ్లకి ఇల్లు మొత్తానికి కాదు, పంచుకునే ఇంట్లో ఒక గదికి సరిపడానే ఇస్తామని 1996లో పెట్టారు. 2012 జనవరి నుంచి ఆ వయసు 35 చేశారు. 33 ఏళ్ల మనిషి చిన్న ఫ్లాట్‌లో ఉంటూ ఉద్యోగం పోగొట్టుకున్నా అతనికీ గది లెక్కే. విడాకులైన తండ్రులు శని, ఆదివారాలు పిల్లల్ని తెచ్చుకుందామంటే ఆ ఒక్క గదిలో ఎక్కడ పడుకోబెట్టుకుంటారు? పైగా ఆ రేట్లు 2016 నుంచి 2020 దాకా పెంచలేదు. 2020లో పెంచి, మళ్లీ 2024 ఏప్రిల్ దాకా కదపలేదు. అద్దెలు మాత్రం ఆగుతాయా?

మా మేనల్లుడు అక్కడే పుట్టి పెరిగాడు. గోడౌన్ పని పోయాక 29 ఏళ్ల వయసులో ముక్కూ మొహం తెలియని ముగ్గురితో ఒక ఇంట్లో చేరాడు. నలుగురి పేరు మీదా ఒకటే అగ్రిమెంట్. వీడికి వచ్చే బెనిఫిట్ వాటాకి చాలక రెండు నెలలు తక్కువ కట్టాడు. కోత పడింది వీడికి, ఏజెంటు ఉత్తరాలు వెళ్లింది నలుగురికీ. మీ ఇంట్లో ఆ మెడికల్ షాపు అమ్మాయి పరిస్థితి చదివితే అదే గుర్తొచ్చింది. పైన కూర్చుని లెక్క వేసేవాళ్లు ఒక్కో మనిషికీ విడిగా వేస్తారు, అద్దె మాత్రం ఇంటికి ఒకటే.

కనీసం మీ అగ్రిమెంట్ గడువు తీరేదాకా పాతవాళ్లకి 4,000 కొనసాగించమని హెచ్ఆర్‌ని అడగండి. అందరూ కలిసి అడగండి, ఒక్కొక్కరు వెళ్తే పని జరగదు.

ఎంవీపీ ఇంటాయన

నేనూ ఇల్లు అద్దెకిచ్చేవాణ్నే కాబట్టి కొంచెం తిట్టుకుంటారేమో. ముగ్గురని చెప్పి నలుగుర్ని పెడితే నేనూ ఒప్పుకోను. వేసవిలో ట్యాంకర్ తెప్పించేది మేమే. కానీ ఒక మాట అడుగుతా, గదిలో ఒక్కతే ఉండే అమ్మాయీ 5,500, ఇద్దరున్న గదిలో వాళ్లూ 5,500 ఏం లెక్కమ్మా?

మిథిలాపురి అమ్మాయి

అంకుల్, మా అలారాలు, మా అర్ధరాత్రి రాకపోకలు ఆవిడ నిద్రకి అడ్డమని మేమే ఆ గది ఇచ్చాం. కానీ మీరన్నాక కూర్చుని లెక్కేశాం. అక్క నాతో పెద్ద గదిలోకి వస్తే చెరో 4,750, చిన్న గది ఒక్కరికే 7,000. మొత్తం 16,500 సరిపోతుంది. అక్క వెంటనే ఒప్పేసుకుంది, ఆవిడకి ఇప్పటికంటే 750 తక్కువే మరి. నిద్ర సంగతి మాత్రం నాకు బెంగే.

మా బ్యాచ్ అందరం కలిసి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాం, జవాబు లేదు. ఓనరు గారు మూడు పేర్లతో కొత్త అగ్రిమెంట్‌కి సరే అన్నారు, స్టాంప్ పేపరు ఖర్చు మాదేనట. ఇక చిన్న గదికి మనిషి కావాలి. 7,000, అడ్వాన్స్ 15,000, కార్ షెడ్ జంక్షన్‌కి నడిచి వెళ్లొచ్చు. రాత్రి పదకొండుకి నేను తలుపు తీసుకుని వస్తాను. దానికి ఇబ్బంది లేని అమ్మాయిలు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి.