పాత ఐడీఈ హార్డ్‌డిస్క్: అడాప్టర్ కొని మనమే తగిలించుకోవాలా, షాపుకివ్వాలా?

హన్మకొండ_డీటీపీ: నాన్న డీటీపీ సెంటర్ నడిపిన రోజుల నాటి 80 జీబీ ఐడీఈ డిస్క్ ఉంది, వెడల్పు రిబ్బన్ కేబుల్‌తో తగిలించే పాత రకం. పెళ్లిపత్రికలు, ఇంటి ఫొటోలు అన్నీ అందులోనే. కొత్త కంప్యూటర్‌లో సాటా (సన్న కేబుల్ తగిలించే కొత్త రకం) తప్ప ఆ సాకెట్టే లేదు. యూఎస్‌బీ అడాప్టర్ తెద్దామని తమ్ముడు, షాపులో ఇవ్వమని అమ్మ.

రిపేర్_అన్న: అమ్మ మాట వినండి. యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులు, మూడున్నర అంగుళాల డిస్క్ మోటారుకు 12 వోల్టులు కావాలి. విడిగా పవర్ లేని అడాప్టర్ తగిలించి, డిస్క్ చచ్చిపోయిందని ఏడుస్తూ మా దగ్గరికే వస్తారు.

కాజీపేట_జంక్షన్: పవర్‌తో కలిపి అమ్మేవి ఉన్నాయి కదన్నా. సాకెట్ లేకపోవడం బోర్డు తప్పు కాదు, 2006లో వచ్చిన ఐసీహెచ్8 అనే చిప్‌తోనే ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌సెట్లలోంచి ఐడీఈని తీసేసింది. జంపర్ (డిస్క్ వెనక పిన్నులకు తొడిగే చిన్న ప్లాస్టిక్ ముక్క) మాస్టర్‌లో, అంటే మొదటి డిస్క్ సెట్టింగ్‌లో పెట్టు, ముందు నాలుగు పిన్నుల పవర్ ఇచ్చి, తర్వాత యూఎస్‌బీ గుచ్చు. ఫార్మాట్ చేయాలా, ఇనిషియలైజ్ చేయాలా అని విండోస్ అడిగితే మాత్రం క్యాన్సిల్ కొట్టు.

ములుగు_రోడ్: జంపర్ పూర్తిగా తీసేయాలి. నాది తీసేస్తేనే నడిచింది.

కాజీపేట_జంక్షన్: వెస్టర్న్ డిజిటల్ అయి ఉంటుంది, అందులో ఒంటరి డిస్క్‌కు సెట్టింగ్ వేరు.

ములుగు_రోడ్: సీగేట్.

కాజీపేట_జంక్షన్: సీగేట్‌లో తీసేస్తే స్లేవ్, అంటే రెండో డిస్క్ అవుతుంది. నడిచిందంటే మీ అడాప్టర్ పుణ్యం.

ములుగు_రోడ్: నడిచింది కదా, ఇంకేం కావాలి?

పత్రికల_సారు: డిస్క్ తెరుచుకున్నా అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే తెలుగు ఫాంట్లు) కొట్టిన ఫైళ్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా కనిపించే పద్ధతి) కావు. ఆ ఫాంట్లు వేసుకోకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులే కనిపిస్తాయి.

రిపేర్_అన్న: టకటక శబ్దం వచ్చే డిస్క్‌కు మళ్లీమళ్లీ పవర్ ఇస్తే ఉన్నదీ పోతుంది. ఇవన్నీ తెలిసినవాడు కావాలి. కానీ గంటలకొద్దీ కూర్చొని కాపీ చేసిస్తే "వైరు గుచ్చినందుకు ఇన్ని పైసలా" అంటారు.

కాజీపేట_జంక్షన్: పైసలెవరు అడిగారు? ఒక షాపులో ఇస్తే చెప్పకుండా ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసిచ్చారు, మా అక్క పెళ్లి ఫొటోలు పోయాయి.

రిపేర్_అన్న: ఎవడో చేసిన దానికి అందరినీ దొంగలంటావా?

కాజీపేట_జంక్షన్: దొంగలని నేననలేదు. ఇంకో షాపులో అయితే, కాపీ సరిగ్గా అయిందో లేదో చూస్తున్నానని మా ఇంటి ఆడవాళ్ల ఫొటోలు ఒక్కొక్కటే తెరిచి చూశాడు, పక్కన ఇంకో కస్టమర్ నిలబడి ఉన్నాడు. అందుకే బయట ఇవ్వొద్దంటున్నా, ఓల్టుల గురించి కాదు.

రిపేర్_అన్న: తెరవకుండా ఫైలు బాగుందో లేదో ఎట్లా తెలుస్తుంది?

కాజీపేట_జంక్షన్: ఓనర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తెరవాలి.

రిపేర్_అన్న: కూర్చోమంటే ఎవరూ కూర్చోరు తమ్మీ, సాయంత్రం వస్తామని వెళ్తారు.

హన్మకొండ_డీటీపీ: నేను కూర్చుంటా అన్నా, ముందు ఇంట్లో ఒకసారి చూస్తా. శబ్దం తేడాగా వస్తే ఆపేసి మీకు మెసేజ్ పెడతా. లేబుల్ మీద జంపర్ బొమ్మ చెరిగిపోయింది, ఏ కంపెనీదో కూడా తెలియట్లేదు.

ములుగు_రోడ్: జంపర్ తీసెయ్.