స్లీవ్ అయ్యాక అన్నం, బ్రెడ్డు: పూర్తిగా మానాలా, కొలిచి తినొచ్చా?

సగంఇడ్లీ (ప్రశ్న)

బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ నాకు అయి ఏడు నెలలు. 112 కిలోల నుంచి 84కి వచ్చాను. ఇన్నాళ్లూ అన్నం ముట్టలేదు. మొన్న మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌లో పెద్దమ్మ గోంగూర కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. కాదనలేకపోయాను. నాలుగు ముద్దలు తిన్నాను, ఏమీ కాలేదు, హాయిగా ఉంది. మర్నాడు ఆ ధైర్యంతోనే ఒక బ్రెడ్డు ముక్క తీసుకున్నా. రెండు కొరుకులకే రొమ్ము వెనక రాయి పెట్టినట్టయింది. ఇరవై నిమిషాలు సింకు దగ్గర నిలబడి నురగ కక్కాను.

మా డైటీషియన్ ఏడాది దాకా అన్నం, బ్రెడ్డు, మైదా వద్దంది. సర్జన్ గారేమో రెండో నెల చెకప్‌లోనే "అన్నీ తినొచ్చమ్మా, కొంచెం కొంచెం" అన్నారు. ఇద్దరూ ఒకే ఆసుపత్రి! నేను ఎవరి మాట వినాలి?

అన్నంలేని_నాలుగేళ్లు

డైటీషియన్ మాట వినండి. నాది మినీ బైపాస్ (కడుపు చిన్నది చేసి, తిండి పేగు మొదటి భాగాన్ని తప్పించుకుని పోయేలా కలిపే ఆపరేషన్), నాలుగేళ్లయింది. 131 నుంచి 78. ఈ నాలుగేళ్లలో ఒక్క మెతుకు తినలేదు, బ్రెడ్డు సంగతి సరేసరి. అన్నం నాలుగు ముద్దలతో ఆగే వాళ్లమైతే మనకి కడుపు కోయించుకునే అవసరం ఎందుకొచ్చింది? ఈ ఏడో నెలలో ఏం తిన్నా బరువు తగ్గుతూనే ఉంటుంది, అందుకే ఏమీ కాలేదనిపిస్తుంది. అసలు ఆట రెండో ఏడాది దాటాక మొదలవుతుంది. పెద్దమ్మ ముద్ద దగ్గరే గేటు వేసేయండి.

డాలస్_వదిన

ముందు బ్రెడ్డు సంగతి చెప్తా, అది నేను బాగా పడ్డాను కాబట్టి. తెల్ల బ్రెడ్డు ముక్క మధ్యలోది తీసి వేళ్ల మధ్య నలపండి. అర నిమిషంలో గోలీ అవుతుంది. ఉమ్ము తగిలితే నోట్లోనూ అంతే, మళ్లీ పిండిముద్దే. స్లీవ్‌లో కడుపు నాలుగింట మూడొంతులకు పైగా తీసేస్తారు, మిగిలేది అరటికాయంత గొట్టం. అందులోకి ఆ ముద్ద వెళ్తే కదలదు. అప్పుడు గొంతు ఉమ్ము ఊరించి దాన్ని కిందికి తొయ్యాలని చూస్తుంది, అదే మీరు కక్కిన నురగ. నీళ్లు తాగి దింపుదామనుకుంటే ఇంకా చస్తాం.

కరకరలాడేట్టు కాల్చిన బ్రెడ్డు చాలామందికి దిగుతుంది, పొడిపొడిగా విరుగుతుంది కనుక. ఇక్కడ మా క్లినిక్‌లో చెప్పింది మూడు మాటలే: ముందు ప్రొటీన్, తర్వాత కూరగాయ, చోటు మిగిలితే పిండి. నేను శాండ్‌విచ్ కొంటే లోపలి టర్కీ మాంసం, చీజ్ తిని బ్రెడ్డు వదిలేస్తా. మా ఆయన ఆ బ్రెడ్డు కేసి జాలిగా చూస్తాడు, తర్వాత తనే తినేస్తాడు. ఆయన బరువు పెరిగింది, అది వేరే కథ.

ఓరుగల్లు_బిడ్డ

అక్కా, నాది బైపాస్, మూడేండ్లు దాటింది. నేను అన్నం తింటున్న, గని ఎట్లనో చెప్త. పొద్దుగాల రెండు గుడ్లు. పగటీలి ఒక జొన్నరొట్టెల సగం, పప్పు ఎక్కువేసుకుని. రాత్రి నాలుగైదు బుక్కల అన్నం, అంతే. రొట్టె గట్టిగుంటది, నమిలి నమిలి దవడలు నొచ్చి ఆగిపోతం. అదే దాని మంచిగుణం.

నన్ను భయపెట్టింది అన్నం గాదు, ఉగాది నాటి పోలె, మీ దిక్కు బొబ్బట్టంటరు. ఒక్కటే తిన్న. పావుగంటల గుండె దడదడ, చెమటలు, కడుపుల మెలిక, మంచమ్మీద వడ్డ. సర్దుకుంది అనుకున్న. రెండు గంటలకు మళ్ల చేతులు వణుకుడు, కండ్లు తిరుగుడు, షుగర్ జూస్తే 52. డాక్టర్ సారు చెప్పిండు, తీపి ఒక్కసారే పేగులకు దిగితే ముందుగాల పేగులకు నీళ్లు గుంజుకుంటదంట, ఎనుక ఇన్సులిన్ ఎక్కువ వచ్చి షుగర్ పడిపోతదంట. గందుకే నాకు బెల్లం, మైదా అంటేనే భయం. అన్నానికి గట్ల గాలే ఎన్నడు.

అన్నంలేని_నాలుగేళ్లు

తమ్ముడూ, నీకు పడింది కాబట్టి అందరికీ పడుతుందనకు. మొదట ఐదు బుక్కలు, ఏడాదికి ఎనిమిది, తర్వాత పళ్లెం. నేను మా బంధువుల్లోనే చూశాను.

కొలతచెంచా (డైటీషియన్‌ని, ఈ పేషెంట్లతోనే పని)

సగంఇడ్లీ గారూ, మీ సర్జన్, మీ డైటీషియన్ పోట్లాడుకోవడం లేదు. సర్జన్ గారు చెప్పింది: కుట్లు మానాయి, అన్నం దిగితే కడుపుకేమీ కాదు అని. డైటీషియన్ చెప్పింది: ఆ చిన్న జాగాని ఏడాది పాటు దేనికి కేటాయించాలీ అని. రెండో ప్రశ్నకే లెక్క కావాలి.

మీకు ఈ దశలో పూటకు 150 గ్రాములు పడుతుందనుకుందాం. అంతా అన్నమే తింటే పిండిపదార్థం 42 గ్రాములు, ప్రొటీన్ 4. అదే జాగాలో ఒక గుడ్డు, 60 గ్రాముల కోడి ముక్కలు, మిగతాది రెండు ముద్దల అన్నం పెడితే ప్రొటీన్ 20 గ్రాములు దాటుతుంది. మనకి రోజుకి కనీసం 60 కావాలి, చాలామందికి 80 దాకా. అది రాకపోతే తగ్గేది కొవ్వుతో పాటు కండ కూడా. మూడో నెల నుంచి దువ్వెనకి వచ్చే జుట్టు ఊరికే రాదు, ఆపరేషన్ తాకిడికి తోడు ఈ కొరత కూడా ఉంటుంది.

ఇంకో మాట. రాగిజావ, జొన్నరొట్టె అనగానే ఆరోగ్యం అనుకుంటాం. రాగుల్లో ప్రొటీన్ నూటికి ఏడే, బియ్యంలోనూ ఇంచుమించు అంతే. జొన్నలో పది దాకా. జావలో నీళ్లే ఎక్కువ, గ్లాసు తాగితే జారిపోతుంది, ఆకలి గంటలో తిరిగొస్తుంది. ఓరుగల్లు తమ్ముడు రొట్టెలో పప్పు ఎక్కువ వేసుకుంటున్నాడే, ఆయన్ని కాపాడుతోంది ఆ పప్పు.

బ్రెడ్డు ఒకసారి అడ్డుపడటం మామూలే. కానీ ఏం తిన్నా నురగే, రోజూ వాంతే అంటే ఇక్కడ అడగొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. గొట్టం మధ్యలో సన్నబడి ఉండొచ్చు. వాంతులు వరసగా అవుతుంటే బి1 విటమిన్ పడిపోయి నరాల మీదికి వస్తుంది, దానికి నెలలు పట్టదు.

పదకొండుకిలోలు

అన్నంలేని నాలుగేళ్లు అన్నయ్య గారికి నా కథ చెప్పాలి. నేనూ స్లీవే, ఆరో ఏడు నడుస్తోంది. అన్నం మానేశాను. నిజంగా, గట్టిగా. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. 71కి దిగి ఇప్పుడు 82లో ఉన్నాను.

ఎలాగంటారా? అన్నం గొంతు దాటదు, చికెన్ దాటదు, ముద్దపప్పు బరువు. దాటేవి ఏమిటో మెల్లగా కడుపు నేర్పించింది. టీలో ముంచిన బిస్కెట్టు. గుప్పెడు మిక్స్చర్. జంతిక. ఐస్‌క్రీమ్ అయితే పట్టిన చోటే తెలీదు. ఆఫీసులో నాలుగింటికి రెండు బిస్కెట్లు, ఐదింటికి రెండు, ఇంటికొచ్చి పిల్లాడు వదిలేసిన కుర్‌కురే. అన్నం మానిన మనిషినన్న గర్వం ఉంది కదా, ఇవేవీ లెక్కలోకి రాలేదు.

అన్నంలేని_నాలుగేళ్లు

బిస్కెట్టు మాత్రం మైదా కాదా అమ్మా? పిండిపదార్థమే ముంచిందని మీరే చెప్తున్నారు. నా వాదన గెలిచింది.

పదకొండుకిలోలు

మైదానే, కాదనను. కానీ మీ గేటు అన్నానికే వేశారు, నేనూ అలాగే వేశాను. అన్నం కూర్చుని తింటాం, పళ్లెం కడుగుతాం, నలుగురూ చూస్తారు. బిస్కెట్టు నిలబడి తింటాం. నాకు ఆ రోజుల్లో ఎవరైనా పూటకి మూడు ముద్దల పప్పన్నం అనుమతిచ్చి ఉంటే నాలుగింటి డబ్బా మూత తీసేదాన్ని కాదేమో. ఖాయంగా చెప్పలేను.

డాలస్_వదిన

దీన్నే ఇక్కడ జారుడు తిండి అంటారు. మన వాళ్లలో అందరికంటే పెద్ద జారుడు తిండి ఏంటో తెలుసా? మజ్జిగన్నం. మా అత్తగారు ఫోన్లో, "గట్టిది దిగకపోతే మజ్జిగ పోసి పలచగా పిసుక్కో తల్లీ, ఇట్టే పోతుంది" అంటారు. ప్రేమతోనే అంటారు, ఏమనగలం. ఇట్టే పోవడమే కదా సమస్య! తినేటప్పుడు, తిన్న అరగంట వరకూ నీళ్లు వద్దనేది కూడా అందుకే. పెరుగు గట్టిగా విడిగా తింటే 100 గ్రాములకి మూడు నాలుగు గ్రాముల ప్రొటీన్, కాస్త నిలకడ. అన్నంలో పోసి జారుస్తే ఆపరేషన్‌కి పెట్టిన లక్షలు సింకులో పోసినట్టే.

తులసికోట

అందరూ గుడ్డూ కోడీ అంటున్నారు. మేం అవి తినం. పప్పే మా మాంసం. ఎండు పెసరపప్పు వంద గ్రాముల్లో 24 గ్రాముల ప్రొటీన్ ఉంటే పిండిపదార్థం 60 దాకా ఉంది. మరి పిండి పూర్తిగా మానమంటే మమ్మల్ని పప్పు కూడా మానమంటున్నారా? పనీరు, పెరుగు, మీల్‌మేకరు, ప్రొటీన్ పొడి, ఇంతేనా జీవితం? నాలుగేళ్లు గారూ, మీ నియమం మాంసం తినే ఇంట్లో పుట్టింది. శాకాహారికి పిండి సున్నా అన్నది జరిగే పని కాదు. అన్నం తగ్గించి పప్పు పెంచడం, పెసరట్టు పలచగా ఒకటి, అందులో ఉప్మా లేకుండా. నేను ఇలాగే రెండేళ్లు లాక్కొచ్చాను. ఐరన్, బి12, క్యాల్షియం మాత్రలు మాత్రం తప్పకుండా వేసుకుంటున్నాను.

కొలతచెంచా

తులసికోట గారి మాట సరైనదే. నేను శాకాహారులకి పిండి సున్నా అని ఎప్పుడూ రాసివ్వను.

బరువు తిరిగి రావడం గురించి భయపడుతున్నారు కాబట్టి: స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం తగ్గారు, పదేళ్లకి అది 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత వెనక్కి రావడం దాదాపు అందరి కథా. పదకొండు కిలోలు గారూ, మీరు ఓడిపోలేదు, నెలకోసారి తూకం చూసుకుని డైటీషియన్ దగ్గరికి తిరిగి వెళ్లండి.

అన్నంలేని_నాలుగేళ్లు

తులసికోట గారూ, శాకాహారం సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. నా విషయంలో మాత్రం మారను. నిజం చెప్పాలంటే అన్నం ఉడికే వాసన వస్తే ఇప్పటికీ వంటింట్లోంచి లేచి వసారాలోకి వెళ్లిపోతాను. మా ఆవిడ కుక్కర్ ఆఖరి విజిల్ అయ్యాక పిలుస్తుంది. ఒకసారి మొదలుపెడితే ఆగలేనని నాకు తెలుసు. ఆగగలిగేవాళ్లు ఉంటే తినండి, నాకేం అభ్యంతరం.

సగంఇడ్లీ

అందరికీ దండాలు. ఈ వారం చేసి చూశాను. పూటకి ముందు గుడ్డు కూర, తర్వాత మూడు ముద్దలు, చిన్న గిన్నెలో కొలిచి. రెండు రోజులు మూడో ముద్ద దగ్గరే ఆగాను. మూడో రోజు గోంగూర చేశాను, అయిదయ్యాయి. కాబట్టి గోంగూర రోజున అన్నం వండను, అది నాకు అర్థమైంది. బ్రెడ్డు జోలికి పోను, కాల్చినా సరే, ఆ సింకు ఇంకా గుర్తుంది. బిస్కెట్ల డబ్బా అత్తయ్య గదిలో పెట్టించా.

ఒక్కటే మిగిలింది. పొద్దున్నే ఇంట్లో అందరికీ ఉప్మా చేస్తాను. రెండు చెంచాలు తినొచ్చా?

కొలతచెంచా

బొంబాయి రవ్వ అంటే పొట్టు తీసిన గోధుమే, మైదాకి అన్న. రెండు చెంచాలకి ఏమీ కాదు, కానీ ప్రొటీన్ తక్కువ. తినాలనిపిస్తే గుడ్డు తిన్నాకే.

ఓరుగల్లు_బిడ్డ

ఉప్మా వద్దనేటందుకు ఆపరేషన్ గావాల్నా అక్కా?