బాబు కోసం ఫారం నింపుతుంటే నా గురించే రాస్తున్నట్టు అనిపించింది

రాజమండ్రి అమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాకు 37 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. బాబు నాలుగో తరగతి. మొదలుపెట్టింది పూర్తి చేయడు, క్లాసులో కుదురుగా కూర్చోడు అని టీచర్ డైరీలో పదే పదే రాస్తుంటే పిల్లల సైకియాట్రిస్ట్‌కు చూపించాం. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం లాంటి సమస్య) అయ్యుండొచ్చని చెప్పి ఒక ఫారం నాకు, ఒకటి టీచర్‌కు ఇచ్చారు.

రాత్రి వాడు పడుకున్నాక మిషన్ ముందు కూర్చుని నింపుతున్నా. వస్తువులు పోగొట్టుకుంటాడా? ఎదురుగా మాట్లాడుతున్నా విననట్టు ఉంటాడా? పని మధ్యలో వదిలేస్తాడా? మూడో ప్రశ్న దగ్గరే నా చేయి ఆగిపోయింది.

ఈ రోజుకి నా దగ్గర పూర్తికాని జాకెట్లు 11 ఉన్నాయి. కటింగ్ అంటే నాకు ప్రాణం. కొత్త బట్ట చేతికొస్తే అన్నం తినాలన్న సంగతే గుర్తుండదు. కుట్టు కూడా అయిపోతుంది. హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకో చేయి సాగదు. అది మడతపెట్టి ఇంకొకటి తీస్తా. పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు రోజు రాత్రి మూడింటిదాకా కూర్చున్నా ఒకావిడకు జాకెట్ ఇవ్వలేకపోయా. పట్టుచీర మీద పాత జాకెట్ వేసుకుని పూజలో కూర్చుందామె. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది.

మా అత్తగారు "తల్లి పోలికే వచ్చింది" అంటారు. మావారు మంచివారే, కానీ "కాస్త మనసు పెడితే అయిపోతుంది కదా" అంటారు. మనసు పెట్టక కాదండీ. చిన్నప్పుడు నేను అల్లరి కూడా చేయలేదు. కిటికీ పక్కన కూర్చుని ఎక్కడో ఆలోచిస్తూ ఉండేదాన్ని. నెమ్మదస్తురాలు అనేవాళ్లు.

పెద్దవాళ్లకు కూడా దీన్ని చూస్తారా? ఎవరి దగ్గరికి వెళ్లాలి? బాబుకు మందు మొదలుపెడదామంటున్నారు, దానికి అలవాటు పడిపోతాడేమోనని భయంగా ఉంది. ఇంకొకటి, పొద్దున 7:30కి స్కూల్ బస్సు. అది వచ్చేసరికి రోజూ ఇద్దరం ఏడుస్తూ ఉంటాం. ఎలా దాటారో ఎవరైనా చెప్పండి.

కూకట్‌పల్లి నుంచి ఒకరు:

అక్కా, నాకు 36వ ఏట తెలిసింది. మా పాపకు పరీక్షలు చేయిస్తుంటేనే నాదీ బయటపడింది. పెద్దవాళ్లకు చూస్తారు, మామూలు సైకియాట్రిస్టే చూస్తారు. ఫోన్ చేసినప్పుడే పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ చూస్తారా అని అడిగి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మా డాక్టర్ గంటకు పైగా మాట్లాడారు. 12 ఏళ్లు రాకముందే ఈ లక్షణాలు కనిపించి ఉండాలట, అందుకే మా అమ్మతో ఫోన్లో మాట్లాడారు. నా పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నారు. మీవి ఉంటే ఇప్పుడే వెతికి పెట్టుకోండి. థైరాయిడ్, నిద్ర, టెన్షన్, డిప్రెషన్ గురించి కూడా అడిగారు. వాటివల్ల కూడా ధ్యాస నిలవదు కాబట్టి ముందు అవి తేల్చుకోవాలన్నారు.

నాకు మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాశారు. మొదలుపెట్టే ముందు బీపీ, నాడి చూశారు. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని అడిగారు. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న మందు కాబట్టి చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి మెడికల్ షాపువాళ్లు ఉంచుకుంటారు. అన్ని షాపుల్లో దొరకదు. మొదటిసారి నాలుగు షాపులు తిరిగి, నన్ను అనుమానంగా చూస్తున్నారేమో అని సిగ్గుపడ్డాను. మీరు సిగ్గుపడకండి, ముందే ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కుని వెళ్లండి.

మందు వేసుకున్న మొదటి వారంలో ఒకటి బాగా గుర్తుంది. మా ఆవిడ వాళ్ల నాన్నగారి ఆపరేషన్ గురించి చెప్తోంది. మొదటి నుంచి చివరిదాకా విన్నాను. మధ్యలో ఫోన్ తీయలేదు, లేచి వెళ్లలేదు. చెప్పడం అయ్యాక తను ఏడ్చేసింది. పదేళ్ల కాపురంలో తన మాటలు ఎన్ని ఇలా పోగొట్టుకున్నానో అప్పుడు అర్థమైంది నాకు.

ఆకలి తగ్గుతుంది. అందుకే ముందు టిఫిన్ తిని తర్వాత వేసుకుంటాను. సాయంత్రం దాని ప్రభావం దిగాక చిరాకు వస్తుంది, ఆ గంట పిల్లల చదువు జోలికి పోను. అందరికీ ఇదే మందు పడదు. మా పాపకు అటామోక్సెటిన్ అనే వేరే మందు ఇచ్చారు, దాని గుణం తెలియడానికి కొన్ని వారాలు పట్టింది.

హుక్కుల సంగతికి ఒక మాట. పక్కన ఎవరైనా ఊరికే కూర్చున్నా నాకు పని సాగుతుంది. ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు మా తమ్ముడు పక్కన కూర్చుంటేనే పూర్తి చేస్తాను. వాడు సాయం చేయడు, వాడి పని వాడు చేసుకుంటాడు, అంతే.

కరీంనగర్ టీచర్:

మా అబ్బాయికి ఇప్పుడు 16. పొద్దుటి గొడవ నాకు బాగా తెలుసు. మా ఇంట్లో దాన్ని ముందు రోజు రాత్రికి మార్చాం. యూనిఫాం, సాక్సులు, బెల్టు, బ్యాగు అన్నీ రాత్రే గుమ్మం పక్కన కుర్చీ మీద. పొద్దున ఆ కుర్చీ తప్ప దేనికోసమూ వెతికే పని లేదు.

"పుస్తకాలు సర్దుకో" అంటే మావాడు నిలబడిపోయేవాడు. "లెక్కల నోట్‌బుక్ తీసుకురా" అంటే తెచ్చేవాడు. ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి. వంటింట్లోంచి అరిచి కాదు, దగ్గరికెళ్లి భుజం మీద చేయి వేసి. చేసిన వెంటనే బాగుందని చెప్పండి, సాయంత్రం దాకా దాచకండి.

స్కూల్లో ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టమని అడగండి. మధ్య మధ్యలో బోర్డు తుడవమని, చాక్‌పీసులు తెమ్మని లేపితే ఈ పిల్లలకు ఎంత హాయిగా ఉంటుందో నా క్లాసులో చూశాను.

సైకియాట్రీ పీజీ విద్యార్థిని:

ఇది కుటుంబాల్లో బలంగా నడిచే సమస్య. ఎత్తు ఎలా వంశపారంపర్యంగా వస్తుందో దాదాపు అలాగే. పిల్లల్ని చూపించడానికి వచ్చి తల్లో తండ్రో తమను గుర్తుపట్టడం మేము ఓపీలో తరచూ చూస్తాం. ఆడపిల్లల్లో గెంతులాట కన్నా పరధ్యానమే ఎక్కువగా ఉండొచ్చు, అందువల్ల చాలామందిని చిన్నప్పుడు ఎవరూ గుర్తించరు. మీరు రాసిన కిటికీ పక్క అమ్మాయి లాంటివాళ్లే వాళ్లు.

మందు గురించి: డాక్టర్ చెప్పిన మోతాదులో వాడిన పిల్లలు పెద్దయ్యాక వ్యసనాల వైపు ఎక్కువగా వెళ్తారని పరిశోధనల్లో తేలలేదు. ఎత్తు, బరువు, బీపీ మాత్రం ప్రతిసారీ చూపించండి. మీకు మీరుగా మోతాదు పెంచడం, బాబు మాత్ర మీరు వేసి చూడటం అసలు వద్దు. డాక్టర్ దొరికేలోపు మాట్లాడాలనిపిస్తే 14416 నంబరులో టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. ఉచితం, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు.

రాజమండ్రి అమ్మ, నాలుగు వారాల తర్వాత:

ముగ్గురికీ చేతులెత్తి దండం పెడుతున్నా. మావారితో కలిసే వెళ్లాను. మా అమ్మను ఫోన్లో అడిగితే "ఐదో తరగతిలో ఒక్క వానాకాలంలో మూడు గొడుగులు పోగొట్టింది డాక్టరుగారూ" అని చెప్పింది. నాకూ ఏడీహెచ్‌డీయే అన్నారు. బయటికొచ్చాక మావారు చాలాసేపు ఏమీ అనలేదు. బండి తీస్తూ "నేను అన్నేళ్లు అలా అనకుండా ఉండాల్సింది" అన్నారు.

బాబుకు మందు మొదలుపెట్టాం. నాది థైరాయిడ్ రిపోర్టు వచ్చాక చూద్దామన్నారు. గుమ్మం పక్కన కుర్చీ వేశాం. ఈ వారంలో రెండు రోజులే ఏడ్చాం. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా పక్కింటి పిన్నిగారు పూలు కట్టుకుంటూ నా దగ్గర కూర్చుంటున్నారు. ఆ రెండు గంటలూ నేను హుక్కులు తప్ప ఇంకేమీ ముట్టుకోను. 11 జాకెట్లలో ఇంకా నాలుగు మిగిలాయి.

వ్రతం రోజు పాత జాకెట్ వేసుకున్నావిడ ఇంటికి కూడా వెళ్లొచ్చాను. జరిగిందంతా చెప్పాను. ఈ శ్రావణానికి బట్ట నాకే ఇస్తానంది. ఇచ్చే తేదీ మా గోడ క్యాలెండర్ మీద ఆమె చేతనే రాయించుకోవాలని రేపు రమ్మన్నాను.