‘తెలియకుండానే దీవించాను’: ఎవరికి తెలియకుండా?

ఉప్పుగాలి:
రెండు రోజులుగా ఒక పాదం వదలడం లేదు. ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ కవితగా రాసిన ముసలి నావికుడి కథలో, వెన్నెట్లో నీటిపాములను చూసి అతని గుండెలో ప్రేమ ఊటలా పొంగే చోటు. ఆల్‌బట్రాస్ అనే సముద్రపక్షిని చంపినందుకు తోటివాళ్లు దాన్ని అతని మెడలో వేలాడదీసి ఉంటారప్పటికి. డిగ్రీలో మా మేడమ్ దాన్ని ‘నాకు తెలియకుండానే వాటిని దీవించాను’ అన్నారో, ‘ఎరుగక దీవించితిని’ అన్నారో గుర్తు రావడం లేదు. మూలంలో ‘అన్‌అవేర్’ రెండుసార్లు వస్తుంది. ఆ మాటకు తెలుగులో ఏది నిలుస్తుంది?

పాతబీరువా:
‘ఎరుగక’ వద్దండి. ఎరుగక చేశాను అనగానే మన చెవికి తప్పు వినిపిస్తుంది, క్షమించమనడం వినిపిస్తుంది. ఇక్కడ జరిగింది కృప.

నదీముఖం:
అసలు ముడి ‘నాకు’ దగ్గర ఉంది. తెలియనిది నావికుడికా, పాములకా? ఇంగ్లీషు వాక్యం రెండింటికీ ఒప్పుకుంటుంది. ‘నాకు’ పెట్టగానే ఒక తలుపు మూసేసినట్టే. ఉత్త ‘తెలియకుండానే’ చాలు, తెలుగుకు ఆ వీలుంది.

పాతబీరువా:
వ్యాకరణం ఒప్పుకోవచ్చు, కథ ఒప్పుకోదు నదీముఖం గారూ. అంతకుముందు ప్రార్థన చేద్దామంటే గుండె దుమ్ములా ఎండిపోయి మాట రాలేదు. దీవించిన క్షణానే ప్రార్థన వచ్చింది, మెడలో పక్షి జారి సీసంలా సముద్రంలో మునిగింది. ప్రయత్నిస్తే రానిది, ప్రయత్నం లేకుండా వచ్చింది. తెలియనిది అతనికే.

చర్చిగంట:
మీరంతా ‘దీవించాను’ను తేలిగ్గా దాటేస్తున్నారు. ఆదికాండము 1:22 చూడండి. అయిదో దినాన దేవుడు జలచరాలను, పక్షులను ‘ఆశీర్వదించెను’. నావికుడు చంపింది పక్షిని, దీవించింది జలచరాన్ని. నేనైతే ‘ఆశీర్వదించాను’ అనే రాస్తాను.

నదీముఖం:
ఈ పోలిక నాకు తట్టనే లేదు, నిజంగా బాగుంది. కానీ ఓడ మీద మనిషి నోట ‘ఆశీర్వదించాను’ బరువుగా ఉంది.

పాతబీరువా:
మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మూలంలో క్రాస్‌కు ఆల్‌బట్రాస్‌తో ప్రాస, పక్షిని కొట్టిన విల్లు పేరు క్రాస్‌బోలోనూ క్రాస్. తెలుగులో ఇవన్నీ పోతాయి. కానీ మనకు ఇంకొకటి దొరుకుతుంది. చిలువ అంటే పాము. మెడలో సిలువకు బదులు పక్షి, విడుదలకు చిలువ! ఒక్క అక్షరం తేడా. అనువాదకులు దీన్ని వదులుకోకూడదు.

ఉప్పుగాలి:
పేపర్లలో ‘శిలువ’ అని కూడా రాస్తారు కదా?

చర్చిగంట:
బైబిల్లో ‘సిలువ’ అండి. ‘శి’ అంటే పాతబీరువా గారి చమత్కారం చెడుతుంది కూడా. అరణ్యంలో మోషే ఎత్తిన ఇత్తడి సర్పాన్ని యోహాను సువార్త సిలువకు గుర్తుగా చెబుతుంది. చిలువ, సిలువ కలిసే చోటు అక్కడే ఉంది.

లాంతరు:
ఆలస్యంగా వచ్చాను. ఇంత మాట్లాడి కోల్‌రిడ్జ్ నల్లమందు అలవాటు ఊసెత్తలేదేం? మానాలనుకుంటాడు, మానలేడు. 1814లో తన జబ్బు బుద్ధిది కాదు, సంకల్పానిదని ఉత్తరం రాశాడు. ప్రార్థించాలనుకుని ప్రార్థించలేని నావికుడు ఆయనే.

నదీముఖం:
కవిత అచ్చయింది 1798లో. ఆ జనవరిలో ఆయన ష్రూస్‌బరీలో త్రిత్వాన్ని ఒప్పుకోని యూనిటేరియన్ల ప్రార్థనామందిరంలో ప్రసంగించాడు. మరి నావికుడు మరియమ్మను, పునీతులను తలుస్తాడు. కవి, నావికుడు ఒకరే ఎలా అవుతారు? తర్వాతి బాధను ముందటి కవితలోకి తోయకండి.

లాంతరు:
తోయడం లేదండి. కవే వెనక్కి వెళ్లాడు. కవిత పక్కన వ్యాఖ్యానం చేర్చింది, నావికుడికి ఎదురైన దయ్యపు ఓడలో పాచికలాడే ఆమెకు ‘చావులో బతుకు’ అని అర్థం వచ్చే పేరు పెట్టింది 1817లో. అప్పటికి లండన్ దగ్గరి హైగేట్‌లో డాక్టరు గిల్మన్ ఇంట్లో, ఆయన కనిపెట్టుకుని ఉండగా బతుకుతున్నాడు. 1833లో తన సమాధి కోసం రాసుకున్న పద్యంలో అదే మాటను తిరగేశాడు: బతుకులో చావును చూసినవాడికి ఇక్కడ చావులో బతుకు దొరకాలని. దారిన పోయేవాళ్లను తన కోసం ఒక్క ప్రార్థన చేయమన్నాడు. అది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఉప్పుగాలి:
లాంతరు గారూ, ఆ సమాధి పద్యం ఇప్పుడే మళ్లీ చదివాను. నా పాదానికి వస్తే, రెండు ‘అన్‌అవేర్’ల మధ్య ఒక పంక్తి ఉంది: నా దయగల పునీతుడు నన్ను కరుణించి ఉంటాడు అని. అది వచ్చాక కూడా రెండోసారి ‘తెలియకుండానే’ అనగలమా? అప్పటికి అతనికి ఎంతో కొంత తెలిసినట్టే కదా?

నదీముఖం:
అందుకే ‘నాకు’ తీసేయమన్నాను.

పాతబీరువా:
రెండోసారి కూడా ‘నాకు’ ఉండాల్సిందే. రాత్రికి వివరంగా రాస్తాను.